కోడ్ ఎవరికీ చెప్పొద్దన్నావు కదా!

చిత్తూరు, ఉదయం (మెయిల్‌లో)

చిరంజీవి మునికుమార్‌ను అక్క జ్ఞానాంబ దీవించి రాయునది.

తిరుపతి పెద్దాఫీసులో కూర్చుని మా కాలేజీ కంప్యూటర్లకు ఏం మందు పెట్టినావప్పా? పరీక్షల సెక్షన్‌లో నా కుర్చీలో నేను కూర్చుంటే, "మీరెవరు?" అని అడుగుతా ఉండాది. ఇన్నాళ్లూ మా సెక్షన్ మొత్తానికీ ఒకటే పాస్‌వర్డ్, స్వామివారి క్యాలెండర్ వెనక రాసి ఉంటుంది. కావాల్సినవాళ్లు తిప్పి చూసుకునేవాళ్లు. ఇప్పుడు నా మీదే నమ్మకం పోయిందా?

ఈ సాయంత్రం ఐదులోపు ఫైనలియర్ మార్కులు యూనివర్సిటీకి పోకుంటే రిజల్ట్స్ ఆగిపోతాయి. మా ఫైనలియర్ పిల్ల పవిత్ర సోమవారం శ్రీసిటీ ఫ్యాక్టరీలో ఉద్యోగంలో చేరాలి. మార్కుల మెమో లేకుంటే తీసుకోరంట.

ఇట్లు, కోపంతో,
జ్ఞానాంబ

తా.క. నన్ను అడిగిందని ప్రిన్సిపాల్ నవ్వినాడు. తర్వాత ఆయన్నూ అడిగింది. నవ్వడం మానేసినాడు.

---

తిరుపతి, ఉదయం

అక్కకు మునికుమార్ నమస్కారాలు.

కోపం వద్దక్కా. దీన్ని జీరో ట్రస్ట్ అంటారు. లోపలివాళ్లయినా, తెలిసినవాళ్లయినా వచ్చిన ప్రతిసారీ ఎవరో రుజువు చేసుకోవాలి. మీ ఫోన్‌కు ఒక కోడ్ వస్తుంది. అది ఎవరికీ చెప్పొద్దు. నేనడిగినా చెప్పొద్దు. క్యాలెండర్ వెనకది చెరిపేయండి. నేను గూడూరు కాలేజీకి బయల్దేరుతున్నా, దారిలో ఫోన్ సరిగా అందదు.

మీ తమ్ముడు,
ముని

తా.క. మీరిచ్చిన నిమ్మకాయ ఊరగాయ జాడీలో అడుగు కనబడుతోంది.

---

చిత్తూరు, మధ్యాహ్నం

మునీ, ఆశీస్సులు.

చెప్పినట్టే ఎవర్నీ నమ్మలేదు. ప్రిన్సిపాల్ లోపలికొస్తే కార్డు చూపించమన్నా. అటెండరు వెంకటముని కాఫీ తెస్తే, ముందు వాణ్నే తాగి చూపించమన్నా. మొత్తం తాగేసినాడు.

కోడ్ వచ్చింది. కంప్యూటర్ కూడా అడిగింది. నేను చెప్తానా? ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. కానీ మార్కులు ఎక్కలేదు మునీ! పవిత్ర వచ్చి గుమ్మంలో నిలబడి ఉండాది. ఆ పిల్ల మొహం చూడలేకున్నా. ఏం చేయాల?

జ్ఞానాంబ

తా.క. మెయిల్ మాత్రం పాత పాస్‌వర్డ్‌కే తెరుచుకుంటోంది. దానికైనా మర్యాద తెలుసు.

---

తిరుపతి, మధ్యాహ్నం

గౌరవనీయులైన జ్ఞానాంబ గారికి,

చాలా అత్యవసరం. మీ ఖాతా శాశ్వతంగా మూతపడబోతోంది. ఫోన్‌కు వచ్చిన కోడ్ వెంటనే నాకు పంపండి. దాన్ని ఖాళీ గడిలో కొట్టి మార్కులు నేనే ఎక్కిస్తాను. ఈ విషయం ఎవరితోనూ అనకండి.

ఇట్లు,
మునికుమార్

---

నాయుడుపేట దగ్గర, బస్సులోంచి

అక్కా!

మీకు నా పేరుతో ఎవడో మెయిల్ రాసినట్టు ఇప్పుడే నా ఫోన్‌కు హెచ్చరిక వచ్చింది. అది నేను కాదు! క్యాలెండర్ వెనక పాస్‌వర్డ్ చూసినవాడెవడో మన ఉత్తరాలన్నీ చదువుతున్నాడు. కోడ్ ఇచ్చేశారా? ఇస్తే మార్కులన్నీ వాడి చేతికి పోతాయి. పవిత్ర ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ పోతాయి. నాకు చాలా భయంగా ఉంది. ఫోన్ ఎత్తండక్కా!

ముని

---

చిత్తూరు, సాయంత్రం (కాగితం మీద, వెంకటముని చేత పంపుతున్నా)

చిరంజీవి మునీ,

మార్కులు ఐదులోపే పోయినాయి. యూనివర్సిటీ నుంచి అందినట్టు జవాబూ వచ్చింది. పవిత్ర గుమ్మంలోనే ఏడ్చేసింది. నేనూ ఏడ్చినా.

దొంగకు కోడ్ ఇవ్వలేదు. తా.క. లేకుండా, ఊరగాయ మాట లేకుండా నువ్వెప్పుడు ఉత్తరం రాసినావు? అప్పుడే తెలిసిపోయింది. వట్టి చేతులతో పంపడమెందుకని వాడికి మా గ్యాస్ బుకింగ్ నంబరు పంపినా.

అయినా నీకన్నా వాడే నయం. కోడ్ ఖాళీ గడిలో కొట్టాలని నువ్వు చెప్పినావా? వాడు చెప్పినాడు. నేనే కొట్టినా, తెరుచుకుంది.

ఇట్లు, నీ అక్క,
జ్ఞానాంబ

తా.క. బస్సులోంచి వచ్చినదానికీ తా.క. లేదు. అందుకే ఫోన్ ఎత్తలేదు. కొత్త జాడీ వెంకటముని దగ్గర ఉండాది. నువ్వు కార్డు చూపించినా ఇవ్వొద్దన్నా. ముందు ఒక ముక్క నీ నోట్లో పెట్టి, పులుపుకు ముడుచుకునే నీ మొహం చూసి ఇవ్వమన్నా. ప్రతిసారీ జాడీ తెచ్చిచ్చేది వాడే కదా, ఆ మొహం వాడికి బాగా తెలుసు.