గోడకు అవతలి పొర

మార్కాపురం, జూన్ 9

ప్రియమైన చెల్లి బ్లెస్సీకి, హెలెన్ అక్క వందనాలు.

నేను బాగానే ఉన్నా. పోయిన వారం నీ మెసేజ్ చూసినా. "బాగున్నా అక్కా". రెండే మాటలు! క్వారీ పేలుళ్ళకు నా చెవులు పోయినాక ఫోన్లో నీ గొంతు కూడా లేకపాయె. అందుకే ఉత్తరం రాస్తున్నా, విసుక్కోకు.

ఇక్కడ మన పలకల క్వారీలో పెద్ద చిక్కొచ్చిపడింది. మంచి పలక పొర ఒక రాతిగోడ దగ్గర ఉన్నట్టుండి తెగిపోయింది. అవతలంతా పనికిరాని రాయే. గోడ దగ్గరికొచ్చేసరికి పొరలన్నీ కిందికి వంగినాయి. ఏందే ఇది? బొగ్గు గనుల్లో రాళ్ళ లెక్కలు తేల్చేది నువ్వే గదా, చెప్పు. కొత్త పొర తగిలినప్పుడల్లా నాయన మొదటి పలక మీద మనిద్దరి చేత పేర్లు రాయించేవాడు, గుర్తుందా? ఈ పొర దొరక్కపోతే క్వారీ మూసుకోవాల్సిందే. మూస్తే నాకు పొద్దెట్ల పోతుందో ఏమో.

నీ అక్క,
హెలెన్

కొత్తగూడెం, జూన్ 17

ప్రియమైన అక్కకు,

భయపడొద్దు. నీ పొర ఎక్కడికీ పోలేదు, జారింది. నేలను అటూ ఇటూ లాగినట్టయితే పగులు పడి ఒక పక్క కిందికి దిగిపోతుంది. దిగేటప్పుడు ఒరుసుకుంటుంది గదా, అంచున మిగిలిన పొరలు పోయిన ముక్క వైపే వంగుతాయి. నీ పొరలు కిందికి వంగినాయంటే అవతలి ముక్క కిందనే ఉంది. గోడ దాటి లోతుకు తవ్వించు. జాగ్రత్త, అక్కడ రాయి వదులుగా ఉంటుంది. వెనక పేజీల్లో బొమ్మలు కూడా వేసినా.

నీ బ్లెస్సీ

మార్కాపురం, జూలై 20

ప్రియమైన బ్లెస్సీ,

నీ ఉత్తరం నాలుగు పేజీలు! పక్కింటి రమణమ్మత్తకు కూడా చదివి వినిపించినా. పొర ఇంకా దొరకలేదమ్మా. ఇంకో సందేహం. గోడ దగ్గర పొరలు చాప అంచు లేచినట్టు పైకి లేచినాయి. ఎందుకట్ల? తీరిగ్గా రాయవే. ఎంత పెద్దగా రాసినా చదువుకుంటా. వానలకు పనోళ్ళు రావడం లేదు, ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నా.

ఎదురుచూసే అక్క,
హెలెన్

కొత్తగూడెం, జూలై 28

ప్రియమైన అక్కా,

అబద్ధమాడటం నీకు చేతకాదు. మొదట కిందికి వంగినాయన్నావు, ఇప్పుడు పైకి లేచినాయంటున్నావు. రెండూ నిజమే. జారకుండా మిగిలిన పక్క పొరలు కిందికి వంగితే, జారిన ముక్కలో పొరలు గోడ దగ్గర పైకి వంగుతాయి. అవి నీ కంటబడినాయంటే నువ్వు గోడ దాటి ఆ పొర మీదే నిలబడినావు. పలక దొరికింది. దొరికి కూడా లేదని రాసినావు.

కోపం రాలేదక్కా, ఏడుపొచ్చింది. రాళ్ళ సంగతి అడిగితేనే చెల్లి పేజీలు నింపుతుందని కనిపెట్టినావు. ఎట్లున్నావని అడిగితే రెండు మాటలతో సరిపెట్టింది నేనే. నిజం చెప్పనా? నేను బాగా లేను. ఇక్కడ అన్నానికి కూర్చుంటే ఎదురుగా ఎవరూ ఉండరు. ఆ సంగతి మెసేజ్‌లో ఎట్ల పెట్టాలో తెలియలేదు.

సెలవు పెట్టినా. ఆదివారం గుడిలో ప్రార్థన ముగిసే పాటికి మార్కాపురంలో బస్సు దిగుతా. మొదటి పలక నువ్వు అమ్మి ఉండవు, నాకు తెలుసు. దాని మీద నీ పేరు ముందు రాసుకో. పక్కన చోటుంచు, నా పేరు నేనే వచ్చి రాస్తా.

నీ చెల్లి,
బ్లెస్సీ