హాల్లో ఎర్రపువ్వు

ఏమండీ,

సైనిక్‌పురిలో దుర్గక్క ఇంటికి వెళ్తున్నాను. ఎన్నాళ్లుంటానో ఇంకా అనుకోలేదు. అన్నం కుక్కర్లో ఉంది, పప్పు వేడి చేసుకోండి.

బాల్కనీలో ఉన్న రెండు బ్రొమీలియాడ్ పిలకల్ని, అదే ఎర్రపువ్వు మొక్క పిల్లల్ని, ఇక మీరే చూసుకోవాలి. నీళ్లు మట్టిలో కాదు, ఆకుల మధ్య గిన్నెలా ఉంటుంది చూడండి, అందులో పోయాలి. ఆదివారం కుండీ వంచి పాత నీళ్లు పారబోయండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. బోరు నీళ్లు వద్దు, ఆకుల మీద ఉప్పు కడుతుంది. కుళాయిలో వచ్చే మంజీరా నీళ్లే పోయండి.

అవి ఎక్కడివని మీరు ఎప్పుడూ అడగలేదు. మీ ఆఫీసు టీమ్ వాళ్లు భోజనానికి వచ్చిన రోజు, "ఎండిపోయింది, వాళ్ల ముందు బాగోదు" అంటూ హాల్లో ఎర్రపువ్వు మొక్కని పీకి చెత్తబండిలో వేశారు. ఆ మొక్క ఒక్కసారే పూస్తుంది. ఎండిపోతూ మొదలు దగ్గర పిలకలు వేస్తుంది. నేను బండి వెనకాల కార్ఖానా మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తి, చెత్తలోంచి ఈ రెండూ ఏరుకొచ్చాను. చేతులు కడుక్కుంటుంటే, "ఎక్కడికెళ్లావ్, కాఫీ ఏది?" అన్నారు.

దేవిక

హాల్లో టీవీ పక్కనున్న దానికి నీళ్లు అక్కర్లేదు. మొన్న మీరే పీకేసిన సంగతి మర్చిపోయి మీ మేనేజరుకి "మళ్లీ పూసింది, నేనే పెంచా" అని చూపించారే, అది ప్లాస్టిక్‌ది. జనరల్ బజార్లో కొని పాత కుండీలోనే గుచ్చి ఐదు నెలలైంది. మీరెప్పుడు కనిపెడతారా అని ఇన్నాళ్లూ చూశాను. వారానికోసారి దుమ్ము తుడిస్తే చాలు.