మోకరిల్లితే కనిపించింది

కంపాలా,
ఆదివారం

అత్తయ్యా,

పెద్దలను పలకరించేటప్పుడు మన ఆచారం ప్రకారం మోకరిల్లమని నువ్వంటే, కాన్వెంటులో చదివినదాన్ని, నాకిదేమిటని వాదించాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మా కాన్సర్ వార్డులో నాల్వోగ అనే ముసలామె నోటి మంటతో రెండు వారాలుగా ఏమీ మింగలేకపోయింది. నోట్లో ఈస్ట్ అనే బూజు పూతకు బిళ్ళలు వాడుతూనే ఉంది. "నాలుక శుభ్రంగానే ఉంది. ఈ మంట కాన్సర్ మందుది, దాన్ని ఆపేద్దాం" అన్నారు డాక్టర్ ముకలాజి.

నేను ల్యాబ్ తరఫున ఆమె రక్తం తీసుకోవడానికి వెళ్ళి, నువ్వు చేయించిన అలవాటు కొద్దీ మోకరిల్లి పలకరించాను. బదులు చెప్పడానికి ఆమె నోరు తెరిచేసరికి అంగిలి కనిపించింది. అంతా తెల్లటి పూత. నిలబడి చూసేవారికి అది కనిపించదు.

డాక్టర్‌తో చెప్పాను. అంగిలి మీది పూతను ల్యాబ్‌లో పెంచి, దాని మీద మందులు అద్దిన కాగితం ముక్కలు పెట్టి చూస్తే, ఆమె వాడుతున్న మందు చుట్టూ కూడా ఈస్ట్ దట్టంగా పెరిగింది. మరో మందు దగ్గర మాత్రం పెరగలేదు. ఆ మందు ఇచ్చారు. కాన్సర్ మందు ఆపలేదు.

నిన్న ఆమె మటోకే అరటికాయ ముద్ద తింటూ కోడలిని కేకలేసింది. "ఉప్పేదే? నా నోరు బాగుపడిందని నీకెవరూ చెప్పలేదా?"

"ఈ మోకాళ్ల పరీక్ష ఏ కాలేజీలో నేర్పారమ్మా?" అని డాక్టర్ నన్ను ఆటపట్టించారు.

"మా అత్తయ్య నేర్పింది" అన్నాను.

ఆయన పక్క మంచం మీది రోగి దగ్గరికి వెళ్ళి, అంత పొడుగాటి మనిషీ మోకాళ్ల మీద కూర్చున్నారు.

నీ మొండి మేనకోడలు