డ్రాయింగు మాస్టారి ఆఖరి జీతం, అస్థిపంజరం అప్పగింత

విద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: డ్రాయింగు మాస్టరు కొలువుకు రాజీనామా – ఆఖరి జీతం చేతికందువరకు తమరు ఒక కన్ను వేసి ఉంచవలెనని కోరుట.

1. కళ్లలో శుక్లాల వలన కొలువు వదులుకొనుచున్నాను. గీసిన ఒక్క గీత రెండుగా కనపడుచున్నది. ఆపరేషనుకు ఆధారం ఆ ఆఖరి జీతమే.

2. రాజీనామా ఇవ్వగానే మా కరస్పాండెంటు గారు కుర్చీ చూపి, అడగకుండానే టీ తెప్పించిరి. ఇన్నేళ్లలో ఆ గదిలో నాకు మంచినీళ్లు పుట్టలేదు. అనుమానం అక్కడే మొదలైనది. "మీ డబ్బెక్కడికి పోతుంది మాస్టారూ? ఈ తెల్లకాగితం మీద ఓ సంతకం పడేయండి, పైన మేం రాసుకుంటాం" అనిరి. "కళ్లు ఆనడం లేదండీ" అని తప్పించుకొంటిని. టీ మాత్రం తాగితిని.

3. మా బడిలో సామాను అప్పగించి, స్టోరు గుమాస్తా ఇచ్చు రసీదు తెస్తేగాని ఆఖరి జీతం రాదు. ఎవరు రాజీనామా ఇచ్చినా ఆ గుమాస్తా సెలవు మీద పోవును. సంగీతం టీచరమ్మ హార్మోనియంలో ఎలుకలున్నవని ఆమె జీతం కోసిరి. ఆ ఎలుకలకు ఆమెకన్న సర్వీసు ఎక్కువ.

4. నా స్వాధీనంలోనిది, బొమ్మలు నేర్పుటకిచ్చిన ప్లాస్టిక్ అస్థిపంజరం. చేరిననాడు ఉద్యోగం దొరికిన సంబరంలో, కప్పిన గుడ్డ తీయకనే "పూర్తిగా ముట్టినది" అని సంతకం చేసితిని. తీసి చూడగా ఎడమ పాదం లేదు. అందుచేత మా బడి పిల్లలు గీసే మనుషులందరూ నేటికీ పాదాలు దాచుకొని గడ్డిలోనే నిలబడుదురు. ఇప్పుడు గుమాస్తా ఫోనులో "పాదమేదండీ మాస్టారూ?" అని అడుగుచున్నాడు. మా ఆవిడ సైతం "నిజం చెప్పండి, ఎవరికైనా ఇచ్చారా?" అనుచున్నది.

5. ఆ లోటు మొదటినుంచీ ఉన్నదనుటకు సాక్ష్యం బడి వరండా గోడకు అంటించిన పిల్లల పాత బొమ్మలు, వాటిలోని గడ్డి. నా రాజీనామా మరునాడే, ఎన్నడూ లేనిది, ఆ గోడకు సున్నం మొదలైనది. చేతికందిన బొమ్మలు జతపరచితిని.

కావున తమ సమక్షమున అప్పగింత జరిపించి, రసీదుతోపాటు జీతం ఇప్పించి, మిగిలిన ఎముకలు మిగిలి ఉండగనే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
డ్రాయింగు మాస్టరు

తా.క.: తమ మనిషి వచ్చేలోగా ఇంకో ఎముక పోతుందన్న భయంతో, బడి వాచ్‌మన్ చూస్తుండగానే అస్థిపంజరాన్ని ఆటోలో తెచ్చాను. శాలువా కప్పి, మఫ్లరు చుట్టి, తమ వరండా బెంచీ మీద కూర్చోబెట్టాను. తమ బంట్రోతు "ఎవరండీ ఈయన?" అన్నాడు. "ఆఖరి జీతం కోసం వచ్చిన మాస్టారు" అన్నాను. "అయ్యో, ఎన్నాళ్లయిందో పాపం" అని, ఫ్యాను వేసి పోయాడు.