ప్లాస్టిక్ తీయని వ్యాను

ఏవండీ,

రొయ్యల చెరువు దగ్గర్నుంచి రాగానే అన్నం తినేయండి. చేపల పులుసు పొయ్యి మీదే ఉంది, పెరుగు ఫ్రిజ్‌లో పెట్టాను. మన వ్యాను తాళాలు మేకుకే ఉన్నాయి, మేం ముట్టుకోలేదు.

నేనూ అత్తయ్యగారూ భానుశ్రీ మొగల్తూరు పెళ్లికి మీ తమ్ముడుగారి వ్యానులో వెళ్తున్నాం. అయిదేళ్లు పోతే సగం ధర కూడా రాదని మీరు ఎగతాళి చేశారే, ఆ వ్యానే! మీరు ఆర్నెల్లు మైలేజీ, సర్వీసు, రీసేల్ అన్నీ పోల్చి కొన్న బండికి ఏడాదైనా సీట్ల మీద ప్లాస్టిక్ తీయనివ్వలేదు. మొన్న కొవ్వూరు దగ్గర బ్రేకు వేస్తే అత్తయ్యగారు దాని మీంచి జారి కింద పడ్డారు. "సీటు గీసుకోలేదు కదమ్మా?" అన్నారు మీరు. భానుశ్రీ పూతరేకు విప్పితే, పంచదార రాలి చీమలు పడితే బండి ఎవడు కొంటాడని పిల్లని రోడ్డు మీద దింపేశారు. ఎప్పుడో మన దగ్గర కొనుక్కోబోయే ఆ మహానుభావుడెవరో గానీ, పెట్టి పుట్టాడు.

రేపు మధ్యాహ్నానికి వస్తాం. పాలు కాచుకోండి.

తా.క. మరిదిగారు హారన్ కొడుతున్నారు. అత్తయ్యగారు అప్పుడే ఎక్కేసి, సీటు మీద బాసింపట్టు వేసుకుని పూతరేకు తింటున్నారు. "ఈ బండి మాత్రం ఎవరికీ అమ్మకు నాన్నా" అంటున్నారు.