బావి మూల మన్ను

వేల్పూర్,
ఆగస్టు 18.

ప్రియమైన చెల్లె జ్యోతికి,

మీ ల్యాబ్‌కని నువ్వడిగిన మన్నునూ ఒక కుళ్ళిన దుంపనూ డబ్బాలో సర్ది, ఈ ఉత్తరం పైన పెట్టి ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. ఈ వానలకు పసుపులో మళ్ళీ దుంపకుళ్ళు మొదలైంది. రెండెకరాల్లో సగం ఆకులు ఎండిపోయాయి. బావి మూల మాత్రం ఎప్పటిలాగే పచ్చగా ఉంది. అక్కడికి కుళ్ళు రానే రాదు. మీ బావ, "అచ్చే ఏడు మొత్తం మక్కనే ఏద్దాం, పసుపుతోని ఇగ కాదు" అని మొక్కజొన్న వైపు మొగ్గుతున్నాడు. ఆ మన్నులో ఏముందో చూసి చెప్పు. అందాక ఆయన్ని ఆపుతాను.

నీ అక్క,
భాగ్యలక్ష్మి

హైదరాబాద్,
సెప్టెంబర్ 9.

ప్రియమైన అక్కా,

ఆ మన్నులో ఒక బ్యాక్టీరియా దొరికింది. దానికి సన్నని సూదిని తయారుచేసుకునే జన్యువులున్నాయి. ఆ సూదితో పక్కనున్న శత్రువును పొడిచి విషం ఎక్కించగలదు. కంటికి కనపడని ప్రాణికి ఇంత పనితనం! ఆ సంగతి తెలిసిన రోజు అన్నం తినడం కూడా మరిచిపోయాను.

కానీ కుళ్ళిన దుంపలోని బ్యాక్టీరియాతో కలిపి పెడితే ఇది ఏమీ చేయలేదు. ఆరుసార్లు చూశాను. ఒక్క సూదీ తయారుకాలేదు. మా ప్రొఫెసర్ రాజశేఖర్ గారు నెలాఖరుకు ఈ పని ఆపేయమన్నారు. బావను మక్క వేసుకోమని చెప్పు. నన్ను క్షమించు.

నీ జ్యోతి

వేల్పూర్,
సెప్టెంబర్ 14.

ప్రియమైన జ్యోతీ,

నీ ఉత్తరం చంద్రవ్వకు చదివి వినిపించి, కుళ్ళు రాని మూల మన్ను అదేనని చెప్పాను. పదిహేనేళ్ళుగా మన చేనులో కలుపు తీస్తున్న మనిషి. విని నవ్వింది.

"గా మూలకు కుళ్ళు రాదని ఎవరన్నరు? ఏటా ముందుగాల్ల రెండు మూడు చెట్లు సస్తయి. తర్వాత ఆడ్నే ఆగుతది. పీకి పారేసేది నేనే గద, మీకెట్ల తెలుస్తది!"

సిగ్గేసింది. ఇన్నేళ్ళూ గట్టు మీది నుంచి చూసి రాదనుకున్నాను. వెంటనే పోయి చూస్తే నిజమే, రెండు చెట్లు కుళ్ళి ఉన్నాయి. వాటి పక్కవి పచ్చగా ఉన్నాయి. నీకు పనికొస్తుందేమోనని ఈ సంగతి ఇవాళే రాసి పంపుతున్నాను.

అక్క

హైదరాబాద్,
అక్టోబర్ 22.

ప్రియమైన అక్కా,

ఇన్నాళ్ళు రాయనందుకు కోప్పడకు. చంద్రవ్వ మాట చదివి కుర్చీలోంచి లేచాను. మేం మన్నులోని ఆ బ్యాక్టీరియాను దండిగా తిండి ఉన్నచోట పెట్టాం. అక్కడ వాటిలో ఒక్కటీ చావలేదు. మూలలో మాత్రం ముందు చెట్లు కుళ్ళినప్పుడు వాటి వేళ్ళ చుట్టూ ఇవి కూడా చస్తాయి కదా! అందుకే ఈసారి కొన్నింటిని చిదిపి, ఆ రసాన్ని బతికున్నవాటిలో కలిపాను.

మూడు గంటల్లో సూదులు వచ్చాయి! తమవాళ్ళు చస్తున్నారని తెలిస్తేనే ఆ సూది చేసుకుంటాయి. దాని తయారీకి ఒంట్లో బలం చాలా పోతుంది, అందుకే ఉత్తప్పుడు చేసుకోవు. తెల్లారేసరికి, వాటితో కలిపి పెట్టిన కుళ్ళు బ్యాక్టీరియాలో నూటికి తొంభై చచ్చాయి. రాజశేఖర్ గారు సూక్ష్మదర్శిని దగ్గర నుంచి చాలాసేపు కదల్లేదు. పని ఆపొద్దన్నారు.

ఇది గాజుపళ్ళెంలో గెలుపే, చేనులో ఇంకా కాదు. ఇప్పుడు కుండీల్లో పసుపు నాటాం. బావ మక్క వేసుకుంటే వేసుకోనీ, ఆ మూల మాత్రం దున్నొద్దని చెప్పు.

"ఈ ఆలోచన ఎవరిది?" అని సార్ అడిగారు, చంద్రవ్వదని చెప్పాను. మేం రాసే వ్యాసంలో ఆమె పేరు ఉండాలన్నారు. పదిహేనేళ్ళుగా చంద్రవ్వా అని పిలవడమే తప్ప, ఆమె ఇంటిపేరు మనకు తెలియదక్కా. అడిగి రాయి.

నీ జ్యోతి