వీపుకి మందు

జనవరి 9

కొత్త డాక్టరమ్మ నా వీపు చూసి, సోరియాసిస్ ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. మీరు పుట్టకముందు నుంచి అన్నాను. నవ్వింది. నేను జోకు వెయ్యలేదు.

ఇప్పటిదాకా ఏమేం వాడారని అడిగితే చెప్పాను. తారు మలాం నా దుప్పట్లను నాశనం చేసింది. స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ చర్మాన్ని ఉల్లిపొరలా చేసింది. వారానికోసారి మింగే మెథోట్రెక్సేట్ లివరు మీద పడింది. ఒంటికి కిరణాలు పట్టించే ఆస్పత్రి లైటు పెట్టెలో నల్లద్దాలు పెట్టుకుని, డ్రాయరుతో బొమ్మలా నిలబడ్డాను. కొంత తగ్గింది, మళ్లీ వచ్చింది. మొట్టమొదటి డాక్టరు ఇది టెన్షన్ వల్ల వస్తుంది, హాయిగా నవ్వుతూ ఉండండి అన్నాడు. అతను పోయిన వార్త పేపర్లో చూసినప్పుడు అతని సలహా పాటించాను.

ఇప్పుడు బయొలాజిక్ అనే ఇంజెక్షన్ ఉందట. పెన్నులా ఉంటుంది. రెండు వారాలకోసారి తొడకి ఆనించి మనమే నొక్కుకోవాలి. ఒంట్లో ఈ మంట రాజేస్తున్న పదార్థాన్నే పట్టుకుని ఆపుతుందట. ఆస్పత్రి స్కీములో నా పేరు రాయించింది చెల్లెలు. వెంటపడి, బతిమాలి, ఎవరెవరి గదుల ముందో కూర్చుని.

జనవరి 12

చెల్లెలి సంగతి. మొగుడు పోయాక, ఓ నెల ఉండి పోతాను అన్నయ్యా అని వచ్చింది. అప్పటికింకా దాని జుట్టు నల్లగా ఉంది. నేను పెళ్లి చేసుకోలేదు. చేసుకుంటానన్నవాళ్లూ లేరు. నా చెయ్యి నా వీపుకి అందదు. రోజూ పొద్దున్నే అది రాస్తుంది. గ్లవుజులు వేసుకోదు. రాస్తూ పేపరులో వార్తలు చదివి వినిపిస్తుంది. నేను ఉచ్చారణ దిద్దుతాను. ఒంటికి ఇన్ని మందులు కనిపెట్టారు, నీ నోటికి ఒక్కటీ కనిపెట్టలేదా అన్నయ్యా అంటుంది.

జనవరి 30

దురద లేదు. నమ్మను.

ఫిబ్రవరి 21

నమ్మాల్సి వచ్చింది. మోచేతులు శుభ్రం. పొట్టి చేతుల చొక్కా వేసుకుని బస్సెక్కాను. ఒకావిడ వచ్చి నా పక్కనే కూర్చుంది.

మా ఆఫీసు గుమాస్తా గుర్తొచ్చాడు. ప్రచురణ సంస్థలో జనం పంపిన రాతప్రతులు చదివి, పనికిరానివి తిప్పి పంపడం నా ఉద్యోగం. నేను లేచిన ప్రతిసారీ ఆ గుమాస్తా నా కుర్చీ దులిపేవాడు, నేను చూస్తుండగానే. తర్వాత వాడి కొడుకు నవల రాసి పంపాడు. మూడు వాక్యాల్లో చంపాను. ఆ పిల్లాడు మళ్లీ కలం పట్టలేదని విన్నాను. బాగా రాసేవాడు.

మార్చి 14

పొద్దున చెల్లెలు మందు డబ్బా పట్టుకుని వచ్చి, నా వీపు చూసి, మూత తియ్యకుండానే నిలబడిపోయింది. రాయడానికేం లేదే అంది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. నీకో మాట చెప్పాలి, అరవకూడదు అంది.

పెళ్లి చేసుకుంటుందట.

ఎవర్నయ్యా అంటే, ఆ ఎలక్ట్రీషియన్ని. లైటు పెట్టె గది బయట బెంచీ మీద మాతోపాటు కూర్చునేవాడు. వాడికీ ఇదే జబ్బు. అరచేతులు పగిలి, వేళ్లు చీలి, చూడ్డానికే రోత. ఒకప్పుడు టీబీ వచ్చిందట, అది మళ్లీ తిరగబెడుతుందని ఈ ఇంజెక్షన్ ఇవ్వడానికి డాక్టర్లు ఒప్పుకోలేదు. వాడికి జీవితాంతం తారూ, లైటూ తప్పవు. నేను లోపల మాడుతుంటే బయట ఈ కథ నడిచిందన్నమాట.

ఈ వయసులో పెళ్లేమిటే, నవ్విపోతారు అన్నాను. నవ్వనీ, నీ పక్కన ఉండి నవ్వులు విని ఎన్నాళ్లయిందో అంది. ఒక చర్మరోగిని వదిలి ఇంకో చర్మరోగిని పట్టుకుంటావా, నీకు ఇదేమన్నా సరదానా అన్నాను. మందు డబ్బా ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, ఓసారి బెంచీ మీద ఆయన చేతికి మందు రాశాను, థాంక్స్ చెప్పాడు అన్నయ్యా అంది.

నీకు పూర్తిగా నయమయ్యేదాకా కదలను, ఆయనకీ అదే చెప్పాను అని కూడా అంది.

మార్చి 15

పూర్తిగా నయమయ్యేదాకా.

మార్చి 20

ఇంజెక్షన్ రోజు. తలుపేసుకుని గదిలో నేనే వేసుకుంటాను. పెన్ను సోఫా దిండుకి ఆనించి నొక్కాను. టిక్కుమంది. చిన్న కిటికీలో పసుపు రంగు వచ్చింది, అంటే మందంతా దిగినట్టు. ఖాళీ పెన్ను చెల్లెలి చేతికిచ్చాను. భద్రంగా డబ్బాలో వేసింది.

దిండుకి సోరియాసిస్ రాదు.

ఏప్రిల్ 17

ఇది మూడోది. దిండుకే. మోకాలి మీద ఎర్రటి చుక్క. పాత మిత్రుడిలా వచ్చింది.

మే 8

వీపు నిండా. మోచేతులు, నెత్తి, చెవుల వెనక. ఇంతకు ముందెప్పుడూ ఇంత లేదు. చొక్కా ఒంటికి అంటుకుంటోంది. చెల్లెలు మందు డబ్బా మూత తీసింది. నొప్పికి అరిచాను. అరుపు నిజమే.

మే 15

నేను ఎన్నో చదివాను కానీ, రక్తంలో మందు ఉందో లేదో చూసే పరీక్ష ఒకటుందని చదవలేదు. డాక్టరమ్మ కాగితం చూసి ముఖం చిట్లించింది. మందు ఆనవాలే లేదట.

దొరికిపోయాననుకున్నాను. కానీ ఆవిడ నా వైపు చూడలేదు. చెల్లెలి వైపు చూసింది. ఫ్రిజ్‌లో ఎక్కడ పెడుతున్నారమ్మా అని అడిగింది. మధ్య అరలో అండీ, తువ్వాలు చుట్టి అంది చెల్లెలు. గడ్డకడితే మందు చచ్చిపోతుంది, తెలుసుగా అంది డాక్టరమ్మ. తెలుసండీ, కట్టలేదండీ. ఎప్పుడన్నా వెనక్కి జరిగి మంచుకి తగిలిందేమో గుర్తు తెచ్చుకోండి అందావిడ. చెల్లెలు నా వైపు చూసింది, నువ్వన్నా చెప్పు అన్నయ్యా అన్నట్టు.

చెప్పాను. ఓసారి మందు పెట్టె మీద మంచు చూశాననీ, చెబితే చెల్లెలు బాధపడుతుందని ఊరుకున్నాననీ చెప్పాను.

ఎంత ఖరీదైన మందో, ఎంతమంది దానికోసం ఎదురుచూస్తున్నారో డాక్టరమ్మ చెల్లెలికి వివరించింది. బడిపిల్లలా తలొంచుకుని వింది. బస్సులో దారంతా కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. నేను టికెట్లు తీశాను.

మే 16

ఫోనులో ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడుతుంటే విన్నాను. ఇప్పుడు కుదరదండీ, నా వల్లే ఇలా అయింది, ఎలా వదిలి రాను అంటోంది. చాలాకాలం తర్వాత పుస్తకం ఒక్క బిగిన చదివాను.

మే 22

వీపుకి మందు రాసింది. పేపరు చదవలేదు.

జూన్ 3

డాక్టరమ్మ ఫోను. మందు మళ్లీ మొదలు పెడతారట. కానీ ఇంటికివ్వరు. మీ ఇంట్లో మందు పాడవుతోంది కాబట్టి ఆస్పత్రికే రండి, నర్సే వేస్తుంది అంది. పెద్దవాణ్ణి, అంత దూరం రాలేనన్నాను. చెల్లెలు ఫోను లాక్కుని, వస్తాడండీ, నేను పంపిస్తాను అంది. నీ సూది రోజుల్లోనే ఆయనా లైటుకి వెళ్తాడు, నిన్నూ స్కూటరు మీద తీసుకెళ్తాడు అని నాకు చెప్పింది.

వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి.

జూన్ 5

వాడి వెనక కూర్చున్నాను. అన్నగారూ, గట్టిగా పట్టుకోండి అన్నాడు. పట్టుకోలేదు. దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. పని అయ్యాక స్విచ్ వేసి చూసుకోమంటే జనం జంకుతారండీ, షాకు కొడుతుందని కాదు, నేను ముట్టుకున్నానని అన్నాడు. అని నవ్వాడు. దాంట్లో నవ్వడానికేముంది?

నర్సు సూది గుచ్చింది. అక్కడ దిండు లేదు.

ఆగస్టు 14

చంటిపిల్లాడి చర్మం. నర్సు ఇంకో ఇద్దరు నర్సుల్ని పిలిచి చూపించింది. డాక్టరమ్మ ఫోటో తీసుకుంది. చెల్లెలు నా వీపు మీద అరచెయ్యి పెట్టి నిమిరి చూసింది. మందు లేకుండా అది నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

నా అజాగ్రత్త వల్ల ఇన్నాళ్లు నరకం పడ్డావు, క్షమించు అన్నయ్యా అంది.

క్షమించానన్నాను.

ఆగస్టు 28

రిజిస్ట్రారు ఆఫీసు. మిషను మీద పెళ్లికొడుకు వేలిముద్ర పడలేదు. బొటనవేలి మీద గీతలే మిగల్లేదు. అక్కడి గుమాస్తా విసుక్కున్నాడు. చెల్లెలు వాడి వేలు తన చేతిలోకి తీసుకుని, వేజలీన్ రాసి, నోటితో ఊదింది. ఆరో వేలుంటే అదీ పెట్టేవాణ్ణండీ అని పెళ్లికొడుకు జోకు వేస్తే గుమాస్తాతో సహా అందరూ నవ్వారు. మళ్లీ మళ్లీ పెట్టగా చివరికి పడింది.

సాక్షిగా నాది మొదటిసారికే పడింది.

సెప్టెంబరు 11

సూది వేశాక కాసేపు పక్కన ఎవరన్నా కూర్చోవాలి, మీవాళ్లు ఉన్నారా అంది నర్సు. లేరన్నాను. బయటి నుంచి వాడొచ్చి కూర్చున్నాడు. నొప్పిగా ఉందా బావగారూ అని నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

ఇంటికొచ్చి ఆ ప్యాంటు వేరే బకెట్లో నానబెట్టాను. వేడినీళ్లలో.